సి-నాలుగో గుంటలోని స్ఫటికం

1995 ఆగస్టులో నన్ను బెంగళూరులోని ఒక పరిశోధన సంస్థలో స్ఫటికాల గదికి టెక్నికల్ ఆఫీసర్, గ్రేడ్-ఎగా నియమించారు. సంస్థ పేరు రాయను. రాస్తే వాళ్ళు సంతోషించరు, రాయకపోతే పాఠకులకు నష్టం లేదు. గ్రేడ్-ఎ అంటే అన్నిటికంటే పై గ్రేడు అనుకుని మా మామగారు బంధువులందరికీ ఉత్తరాలు రాశారు. నిజానికి అది నిచ్చెనలో అట్టడుగు మెట్టు. బి, సి, డి అంటూ పైకి ఎక్కాలి. ఈ సంగతి ఆయనకు నేను చివరిదాకా చెప్పలేదు.

గది మూడో అంతస్తు చివర ఉండేది. కిటికీలు లేవు. ఏడాది పొడవునా ఇరవై డిగ్రీలు. కడపలో పుట్టి పెరిగినవాడికి ఇరవై డిగ్రీలంటే స్వెట్టర్ కాలం కాబట్టి నా ఉద్యోగమంతా ఒకే రుతువులో గడిచింది. అక్కడ నేల అదరకూడదు. తలుపు చప్పుడు చేయకూడదు. ఒకరికి మించి ఎక్కువసేపు ఉండకూడదు, ఎందుకంటే మనిషి ఊపిరికి కూడా గది వేడెక్కుతుంది. బయట వదిలేసే చెప్పులు వేరు, లోపల వేసుకునే మెత్తటి రబ్బరు చెప్పులు వేరు. ఆ గదిలో మాట్లాడకుండా ఉండడం నా స్వభావం కాదు, విధి. కానీ కొన్నాళ్ళకు ఈ రెంటికీ తేడా తెలియడం మానేసింది.

నా భార్య కడపలో ప్రభుత్వ పాఠశాల టీచరు. రాష్ట్రం దాటి బదిలీ ఉండదని అందరికీ తెలుసు, ఆమె పెట్టిన అర్జీకి తప్ప. ఆ అర్జీ మా ఇద్దరి కంటే ఎక్కువ ఊళ్ళు తిరిగింది. నేను మడివాళలో ఒక గది అద్దెకు తీసుకుని ఉండేవాణ్ణి. ఆదివారం పొద్దున ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేస్తే మూడు నిమిషాల్లో ఇద్దరమూ బాగున్నామని తేలేది. ఆ తర్వాత సోమవారం దాకా నాతో మాట్లాడవలసిన అవసరం ఎవరికీ ఉండేది కాదు. సోమవారం కూడా పెద్దగా ఉండేది కాదు.

బయటివారికి మా పని అర్థం కావాలంటే ముందు కణం గురించి రెండు మాటలు చెప్పాలి. జీవకణంలో చాకిరీ అంతా ప్రొటీన్లది. గోడ కట్టేది, సరుకు మోసేది, చెత్త ఊడ్చేది, చివరికి పాతబడిన ప్రొటీన్‌ను ముక్కలు చేసేదీ మరో ప్రొటీనే. ప్రతి ప్రొటీనూ ఒక పొడవాటి గొలుసు. గొలుసుగా సాగి ఉన్నంతసేపు అది దేనికీ పనికిరాదు. తనమీద తాను ముడుచుకుని ఒక ఆకారానికి వచ్చాకే ఉద్యోగంలో చేరుతుంది. ఆ ఆకారంలో ఎక్కడో ఒక సందు ఉంటుంది. సందులో అమరే అణువు వచ్చి చేరితే పని జరుగుతుంది. ఆ సందును మూసేసే పదార్థం దొరికితే పని ఆగుతుంది. చాలా మందులు చేసేది అదే. అందుకని ఆకారం తెలియాలి.

మామూలు మైక్రోస్కోపుకు ఆ ఆకారం ఆనదు. కోటానుకోట్ల ప్రొటీన్ అణువులు ఒకే భంగిమలో, ఒకే దిక్కుకు తిరిగి, బారులు తీరి నిలబడితే దాన్ని స్ఫటికం అంటారు. దానిమీద ఎక్స్-కిరణాలు వేసి, అవి చెదిరే తీరునుబట్టి ఒక్కో అణువు రూపం లెక్కగట్టవచ్చు. బెంగళూరు బస్టాపులో పదిమంది బారు తీరడం ఎన్నడైనా చూడబోయినవారికి ఈ పని ఎంత కష్టమో వేరే చెప్పనక్కర్లేదు.

బారు తీర్చే పద్ధతి ఇది. ఇడ్లీ రేకులాంటి ప్లాస్టిక్ ట్రేలో ఇరవైనాలుగు గుంటలు ఉంటాయి. ఎ నుంచి డి దాకా నాలుగు వరసలు, వరసకు ఆరు. గుంట అడుగున ఒక ద్రావణం పోస్తాం. పైన కప్పే గాజుబిళ్ళకు ప్రొటీన్ బొట్టు ఒకటి తలకిందులుగా వేలాడదీస్తాం. అంచులకు గ్రీజు రాసి మూసేస్తాం. బొట్టులోని నీరు నెమ్మదిగా గుంటలోకి పోతుంది, బొట్టులో ప్రొటీన్లు ఇరుకున పడతాయి. ఇరుకులో మనుషులు కొట్టుకుంటారు. ప్రొటీన్లు సాధారణంగా మడ్డిగా పేరుకుంటాయి. ఎప్పుడో ఒకసారి మాత్రం బారు తీరతాయి. ప్రతి మంగళవారం, శుక్రవారం ప్రతి బొట్టునూ మైక్రోస్కోపు కింద చూసి రిజిస్టర్లో అంకె వేయడం నా పని. సున్నా అంటే ఏమీ లేదు. మూడు అంటే మడ్డి. తొమ్మిది అంటే స్ఫటికం. నా రిజిస్టర్లు చూసినవారు సున్నాలు ప్రాక్టీసు చేస్తున్నానని అనుకునేవారు.

ద్రావణాలన్నీ కలిపేదీ నేనే. వాటిలో చివరగా చిటికెడు సోడియం అజైడ్ కలపాలి. అది విషం. వారాల తరబడి కదలకుండా ఉండే బొట్టుకు బూజు పట్టకుండా కాపాడుతుంది. విషం కాబట్టి స్టోర్సులో తాళం వేసిన అలమారలో ఉండేది, దానికి వేరే రిజిస్టరు కూడా.

1996లో ఆ గది బయట రెండో జత రబ్బరు చెప్పులు వచ్చాయి. అవి డాక్టర్ సుగుణవి. ఒంగోలు అమ్మాయి, రెండేళ్ళ తాత్కాలిక ఉద్యోగం మీద మా విభాగంలో చేరింది. వాళ్ళ అక్క బొమ్మసంద్ర వైపు ఒక ఆస్పత్రిలో నర్సు. ఇద్దరూ చందాపురలో ఒక చిన్న ఇంట్లో ఉండేవారు, ఆదివారాలు చర్చిలో పాడేవారు. ఆమె పని క్షయ సూక్ష్మజీవి తన గోడ కట్టుకోవడానికి వాడే ఒక ఎంజైము. దాని సందు ఎలా ఉందో తెలిస్తే దానికి తాళం తయారుచేసేవారు ప్రపంచంలో చాలామంది ఉన్నారు. కానీ అది స్ఫటికం కావడం లేదు. ఆ ప్రొటీన్‌కు ఒక చివర ఇరవై ముప్పై పూసల తోక ఉంది. అది ఏ ఆకారానికీ రాక వేలాడుతూ ఉంటుందని సుగుణ అనుమానం.

“తోకాడించే కుక్కల్ని నిలబెట్టి గ్రూపు ఫోటో తీస్తున్నానండీ,” అనేది.

ఆమె గడువు 1998 మార్చి 31తో ముగుస్తుంది. అంతకు వారం ముందు కూర్చునే కమిటీకి స్ఫటికం చూపిస్తే రెండేళ్ళు పొడిగిస్తారు. లేకపోతే గుంటూరులో చర్చివారి నర్సింగ్ కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం సిద్ధంగా ఉంది. మంచి ఉద్యోగమే. కాకపోతే అందులో చేరితే ఇక ప్రయోగశాల ముఖం చూడడం ఉండదు.

ఒకసారి ఆమెకు స్ఫటికం దొరికినట్టే దొరికింది. అంతస్తంతా మైసూర్‌పాక్ పంచింది. రెండు రోజులు ఎక్స్-రే యంత్రం నడిపాక అది ద్రావణంలోని ఉప్పు అని తేలింది. ఉప్పు కూడా బారు తీరుతుంది, చాలా అందంగా. ఆ తర్వాత కారిడార్లో ఆమె కనిపిస్తే చాలు, “మేడమ్, మళ్ళీ ఉప్పెప్పుడు?” అనేవారు. ఆమె నవ్వేది. మరో ఆరు నెలలు ఎవరికీ ఏమీ పంచలేదు. మా విభాగాధిపతి ప్రొఫెసర్ కేశవమూర్తి మైసూరు మనిషి, తక్కువ మాట్లాడి ఎక్కువ సర్క్యులర్లు రాసేవారు. పరీక్ష చేయని స్ఫటికాన్ని యంత్రం మీదకు తేకూడదని ఆయన ఒక సర్క్యులర్ ఇచ్చారు.

పరీక్ష అంటే సూది. స్ఫటికాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి సన్నని సూదితో నొక్కాలి. ఉప్పయితే ఎదురుతిరుగుతుంది, ఇంకా నొక్కితే టక్కున విరుగుతుంది. ఆ టక్కుమనడం చెవికి వినబడదు, వేలికి తెలుస్తుంది. ప్రొటీన్ స్ఫటికంలో దాదాపు సగం నీరే. సూది తగలగానే పాలకోవాలా నలిగిపోతుంది. ఒక బొట్టులో పది స్ఫటికాలుంటే ఒకదాన్ని నలిపి మిగతావి దాచుకుంటాం. ఒక్కటే ఉంటే ఏం చేయాలో సర్క్యులర్లో లేదు.

1997 డిసెంబర్ 23, మంగళవారం. సుగుణ క్రిస్మస్‌కు ఒంగోలు వెళ్ళింది. అక్టోబర్ చివర వేసిన ఆమె ట్రే ఒకటి చూస్తున్నాను. ఎ వరస సున్నాలు, బి వరస మడ్డి. సి-నాలుగులో ఒక స్ఫటికం ఉంది.

ఒకే ఒక్కటి. పలకల అంచులు చెక్కినట్టు ఉన్నాయి. బొట్టు అంచున ఒక సన్నని పోగు కూడా ఉంది, నవంబర్‌లోనే నేను దాన్ని చూసి “గుడ్డ దారం కాబోలు” అని రాసుకున్నాను. మైక్రోస్కోపు కెమెరాను ఆ వారం పై అంతస్తువారు సెమినార్‌కు పట్టుకుపోయారు. తలుపు తీసి బయటకు చూశాను. సెలవుల ముందు వారం, కారిడార్ ఖాళీ. ఎవరికైనా చూపించాలనిపించింది. చూపించడానికి ఎవరూ లేరు.

ఆగి ఉండవచ్చు. ఆమె జనవరి రెండున వస్తుంది. పది రోజులు ఆ బొట్టుకు ఏమీ అయ్యేది కాదు. కానీ మరుసటి నెల ఎక్స్-రే యంత్రం మీద వంతు కావాలంటే ఆ సాయంత్రంలోగా పేరు ఇవ్వాలి. పైగా నాకు అది ఉప్పని గట్టి నమ్మకం. ఆమె వచ్చి, చూసి, మళ్ళీ ఆశపడి, మళ్ళీ మైసూర్‌పాక్ తెచ్చే అవకాశం ఇవ్వకుండా ముందే తేల్చేసి, రిజిస్టర్లో “ఉప్పు” అని రాసి ఉంచడం దయ అనుకున్నాను. సూది తీసుకున్నాను.

టక్కుమనలేదు.

సూది కింద అది మెత్తగా, ఏ అభ్యంతరమూ చెప్పకుండా నలిగిపోయింది. తర్వాత పద్ధతి ప్రకారం గాజుబిళ్ళ మళ్ళీ మూసి, గ్రీజు రాసి, ట్రేను అరలో పెట్టాను. రిజిస్టర్ తెరిచాను. ఆ గదిలో నేను తప్ప మరో ప్రాణి లేదు. “ఉప్పు” అని రాస్తే అడిగేవారు లేరు. “9. ఒకటి. ప్రొటీన్. పరీక్షలో పోయింది” అని రాసి సంతకం చేశాను. అప్పటికి అదే పెద్ద నిజాయితీ అనుకున్నాను.

జనవరి రెండున సుగుణ నవ్వుతూ వచ్చింది. “ప్రసాదరావు గారూ, హ్యాపీ న్యూ ఇయర్! అక్క కజ్జికాయలు పంపింది. ముందివి తీసుకుని తర్వాత సున్నాలు చూపించండి.”

రిజిస్టర్ ఆమె ముందుకు జరిపాను. చదివింది.

“ప్రొటీనా?”

“అవును.”

“పోయిందంటే?”

“పోలేదమ్మా. నేనే నలిపాను.”

కోపం వస్తే తిట్టమన్నాను.

“తిడతాలెండి, ఎక్కడికి పోతారు?” అంది. రిజిస్టర్ మూసి, “ఎట్లా ఉందండీ?” అని అడిగింది.

పలక ఎంత, అంచు ఎంత వాలు, కాంతి తిప్పితే లేత నీలం నుంచి పసుపుకు ఎలా మారిందీ చెప్పాను.

“మీరొక్కరే చూశారు కదా.”

“ఒక్కణ్ణే.”

“అయితే మళ్ళీ మొదట్నుంచి చెప్పండి. మెల్లిగా.”

మూడుసార్లు చెప్పించుకుంది. మూడోసారి కళ్ళు మూసుకుని విన్నది. తర్వాత లేచి, “అది పాత తేదీ ట్రే కదా, మీ రిజిస్టర్లో రెసిపీ ఉంటుందిగా. యథాతథంగా వేద్దాం. వచ్చింది మళ్ళీ రాకపోదు,” అంది.

యథాతథంగానే వేశాం. నా రిజిస్టర్లో అక్టోబర్ 27 నాటి ద్రావణం ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే కలిపాను. లవణం, ఆమ్లత, అజైడ్. ఇరవైనాలుగు గుంటల ట్రేలు తొమ్మిది. అన్నీ సున్నాలు, మూళ్ళు.

నలిగిన స్ఫటికం పొడి దండగ కాకూడదని విత్తనాలు చల్లడం కూడా ప్రయత్నించాం. పిల్లి మీసాన్ని ఆ పొడిలో ముంచి కొత్త బొట్టులో గీస్తారు. పొడి రేణువుల చుట్టూ కొత్త స్ఫటికాలు పేరుకోవాలి. ఇది హాస్యం కాదు, మా రంగంలో ఆమోదించిన పద్ధతి. మా ఇంటి ఓనరమ్మకు ఒక పిల్లి ఉండేది. రాలిన మీసం కోసం నేను ఆమె సోఫా కింద పాకుతుండగా ఓనరమ్మ చూసింది. నేను కారణం చెప్పాను. చెప్పకుండా ఉంటే బాగుండేది. విత్తనాలు మొలవలేదు. మొలవకపోవడమే మాకు మొదటి ఆధారమని సుగుణకు తట్టింది. కొత్త అణువు పాత బారులో ఇమడడం లేదంటే రెండూ ఒకే కొలత కాకపోవచ్చు.

ఫిబ్రవరి ఆఖరున ఆమె మిగిలిన పొడిని కరిగించి జెల్ మీద నడిపింది. జెల్ అంటే ప్రొటీన్లను వాటి పొడవునుబట్టి వేరుచేసే మెత్తటి పలక. పొట్టివి కిందికి పోతాయి, పొడుగువి పైన ఆగిపోతాయి. సి-నాలుగు నుంచి వచ్చిన గీత మామూలు గీత కంటే కింద ఉంది. తోక తెగిపోయింది. తోక లేని అణువులే బారు తీరాయి. ఆమె అనుమానం నిజమైంది. అయితే ఎవరు కత్తిరించారు? ప్రొటీన్ దానంతటదే పాడవుతోందేమోనని పాతవి, వేడిచేసినవి, ఎండలో పెట్టినవి అన్నీ వేసి చూసింది. తోక కదల్లేదు.

మార్చి మొదటి వారంలో స్టోర్సు నుంచి పిలుపు వచ్చింది. ఆర్థిక సంవత్సరం చివర విషాల రిజిస్టరు సరిచూడడం ఆనవాయితీ. స్టోర్‌కీపర్ మునిస్వామప్ప చిక్కపేటలో మూడు తరాలుగా ఉంటున్న తెలుగువాళ్ళ మనిషి. తాతది మగ్గం, ఈయనది తాళాల గుత్తి.

“ఏమప్పా రావు, ఆ గదిలో కూకోని కూకోని మాటలు మర్సిపొయ్యుండావా? దినానికొక మాటైనా మాట్లాడల్ల, లేదంటే నాలిక తుప్పు పడుతుంది,” అని కుర్చీ చూపించాడు. తన రిజిస్టరు పక్కన నా రిజిస్టరు పెట్టి వేలు పెట్టుకుంటూ చదివాడు. ఒకచోట వేలు ఆగింది.

“ఇదేందప్పా? నీ అజైడ్ సీసా సెప్టెంబర్‌లోనే ఖాళీ అయ్యుండాది. కొత్త సీసా వచ్చింది నవంబర్ పద్నాలుగు. నీ సంతకమే ఉండాది, సూడు. మరి అక్టోబర్ ఇరవైయేడున ఏ సీసాలోది వేసినావు? మీ ఇంట్లోది తెచ్చినావా?”

నేను నా రిజిస్టరు చూశాను. అజైడ్ గడిలో నా చేతిరాతే. అంకె కూడా కాదు. పై వరసలోని అంకె కింద డిటో గుర్తు. రెండు చిన్న గీతలు.

అప్పుడు గుర్తుకొచ్చింది. సీసా ఖాళీ. ఇండెంట్ పెట్టాను, వచ్చాక కలుపుదామనుకుని ద్రావణం పక్కన పెట్టాను. సుగుణ తొందరపడితే ఇచ్చేశాను. ఆ తర్వాత మర్చిపోయాను. రిజిస్టరు మాత్రం అదే రోజు పూర్తిచేశాను. రోజూ వేసేదే కదా అని చేయి దానంతటదే రెండు గీతలు గీసింది. మా వృత్తిలో అబద్ధాలు ఇలాగే వస్తాయి, ఎవరూ ఆడనక్కర్లేదు.

అజైడ్ లేదు కాబట్టి బూజు వచ్చింది. ఆ పోగు గుడ్డ దారం కాదు. బూజు తన తిండి కోసం ప్రొటీన్లను కత్తిరించే ఎంజైములు వదులుతుంది. ముడుచుకున్న భాగానికి వాటి కోరలు ఆనవు, వేలాడే తోక సులువుగా దొరుకుతుంది. సుగుణ రెండేళ్ళుగా చేయలేకపోయిన పనిని ఒక బూజు పోగు నా మతిమరుపు పుణ్యాన చేసిపెట్టింది.

మునిస్వామప్ప నా ముఖం చూసి గొంతు తగ్గించాడు. “సుమ్నె, ఊరికే అడిగితినప్పా, దానికి ఇంత ఏంటికి? తేదీ దిద్దుకోపో. నేను అద్దాలు తుడుసుకుంటా ఉంటా.” నిజంగానే కళ్ళద్దాలు తీసి తుడవడం మొదలుపెట్టాడు.

దిద్దితే రెండు రిజిస్టర్లూ సరిపోతాయి. ఏప్రిల్‌లో నా గ్రేడ్-బి మదింపు. తోక ఎవరు కత్తిరించారో మాత్రం సుగుణకు ఎప్పటికీ తెలియదు. రిజిస్టరు చంకలో పెట్టుకుని బయలుదేరాను. లిఫ్టు ఉంది. మెట్లెక్కాను, ఎక్కువసేపు పడుతుందని.

సుగుణ మొత్తం విన్నది. నవంబర్ పేజీ తిప్పి “గుడ్డ దారం కాబోలు” దగ్గర ఆగింది. తర్వాత వేళ్ళమీద వారాలు లెక్కపెట్టుకుంది. సి-నాలుగులో స్ఫటికం కనబడడానికి ఎనిమిది వారాలు పట్టింది. జనవరి రెండున ఈ సంగతి తెలిసి ఉంటే ఫిబ్రవరి చివరికి స్ఫటికాలు, మార్చిలో కమిటీ. ఇప్పుడు మొదలుపెడితే మే నెల.

“నలిపినందుకు నాకు కోపం రాలేదండీ. అది రూలు. ఇది మాత్రం...” అంది. వాక్యం పూర్తిచేయలేదు. తిడతానన్న మాట కూడా నిలబెట్టుకోలేదు. తిట్టి ఉంటే నాకు కాస్త సులువయ్యేది.

విభాగాధిపతికి రాతపూర్వకంగా ఇచ్చాను. ఆయన చదివి, రిజిస్టర్లో ఇలాంటి డిటోలు ఇంకా ఎన్ని ఉన్నాయని అడిగారు. లెక్కపెట్టి చెప్పాను. ఆ సంఖ్య ఇక్కడ అనవసరం. నాకు మెమో వచ్చింది. గ్రేడ్-బి రెండేళ్ళు ఆలస్యంగా వచ్చింది. రెండూ సబబే.

బూజును నమ్ముకుని ట్రేలు వేయలేం. అది ఎప్పుడు, ఎక్కడ, ఎంత కత్తిరించాలో మన మాట వినదు. సుగుణ ట్రిప్సిన్ తీసుకుంది. మన పేగుల్లో ఆహారాన్ని కత్తిరించే ఎంజైము అది. ప్రొటీన్‌లో వెయ్యోవంతు కలిపి మార్చి తొమ్మిదిన ట్రే వేసింది. ఆమె బొట్లు వేస్తుంటే నేను గ్రీజు రాశాను. ఇద్దరం మాట్లాడుకోలేదు. గది నిబంధన ఆ రోజు చాలా అక్కరకొచ్చింది.

కమిటీ మార్చి ఇరవైనాలుగున కూర్చుంది. వచ్చిన ముగ్గురూ పెద్దలే, మర్యాదస్థులే. జెల్ చూశారు. ఒక్కొక్కరే వంగి మైక్రోస్కోపులో చూశారు. బొట్లు తేటగా ఉన్నాయి. “ఇంటరెస్టింగ్” అన్నారు. మా రంగంలో ఆ మాట విన్నవాళ్ళు సామాను సర్దుకోవడం మొదలుపెడతారు. తప్పు ప్రసాదరావుదని, తొమ్మిది వారాలు నావల్ల పోయాయని కేశవమూర్తి గారు వారికి చెప్పారు. నేను కూడా పక్కనే నిలబడి అవునన్నాను. వారు గడువు గురించి విచారం వెలిబుచ్చారు, గడువును మార్చలేదు.

మార్చి 31న సుగుణ తాళంచెవులు అప్పగించి, అక్కతో కలిసి ఒక ఆటోలో వెళ్ళిపోయింది. “ట్రే చూస్తూ ఉండండి,” అని మాత్రం చెప్పింది. చూస్తూ ఉన్నాను. మంగళవారం, శుక్రవారం అని నిబంధన. నేను రోజూ చూశాను. అది నిబంధనకు విరుద్ధం. రిజిస్టర్లో అలాగే రాశాను.

ఏప్రిల్ 28న పదకొండు గుంటల్లో స్ఫటికాలు కనబడ్డాయి. తలుపు తీసి కారిడార్లోకి చూశాను. అలవాటు. తర్వాత కిందికి వెళ్ళి రోడ్డు మీది ఎస్టీడీ బూత్ నుంచి గుంటూరు కాలేజీకి ఫోన్ చేశాను. ఎవరో వెళ్ళి ఆమెను క్లాసులోంచి పిలుచుకొచ్చారు.

“వచ్చాయమ్మా. పదకొండు గుంటల్లో.”

“నలిపి చూశారా?” అంది.

“ఒకటే.”

“మెత్తగా?”

“మెత్తగానే.”

“ఎట్లా ఉన్నాయి?”

చెప్పాను. ఈసారి ఒక్కసారే చెప్పించుకుంది. క్లాసులో పిల్లలు ఎదురుచూస్తున్నారంది. వచ్చి చూడమంటే పరీక్ష పేపర్లు ఉన్నాయంది. కెమెరా ఈసారి గదిలోనే ఉంది. ఫోటో తీసి పోస్టులో పంపాను. అందిందని కార్డు రాసింది.

ఏడాది తర్వాత పరిశోధన పత్రికలో వ్యాసం వచ్చింది. మొదటి పేరు ఆమెదే. కేశవమూర్తి గారు ఆ విషయంలో ఎవరి మాటా వినలేదు. ఎంజైము ఆకారం, సందు స్పష్టంగా ఉన్నాయి. తోక చిత్రంలో లేదు, తెగిపోయింది కదా. తోక ఎలా తెగిందనే దానికి ట్రిప్సిన్ ప్రస్తావన ఉంది. మొదటి స్ఫటికం ప్రస్తావన లేదు. దాన్ని చూసింది నేనొక్కణ్ణే. రుజువు నా చేతిరాత ఒక్కటే. ఆ చేతిరాత విలువ ఎంతో ఆ రిజిస్టర్లోనే, రెండు నెలల వెనక పేజీలో ఉంది.

మరుసటి మార్చిలో స్టోర్సు తనిఖీకి మునిస్వామప్ప స్వయంగా పైకి వచ్చాడు. గుమ్మం పక్కన రెండు జతల రబ్బరు చెప్పులు చూసి, చిన్న జత స్టోర్సుకు తిరిగి ఇవ్వాలి కదా అన్నాడు. తర్వాత ఆయనే, “పోనీలేప్పా, వాడకంలో ఉండాదని రాస్తా,” అన్నాడు. అలా వద్దన్నాను. “ఉన్నాయి, ఎవరూ వాడడం లేదు” అని రాయించి, కింద నేను సంతకం పెట్టాను.

ఈ ఉదంతం నాకు నేర్పింది పెద్ద విషయమేమీ కాదు. నలుగురితో పనిచేసేవాడు తప్పు రాస్తే పక్కవాడు చూసి దిద్దుతాడు. ఒంటరిగా పనిచేసేవాడి పక్కన రిజిస్టరు తప్ప ఎవరూ ఉండరు. అందులో చేసింది రాయాలి, చేయవలసింది కాదు. నేను పదవీ విరమణ చేసేదాకా మళ్ళీ డిటో గుర్తు పెట్టలేదు. ప్రతి గడిలో ప్రతి అంకె పూర్తిగా రాశాను. సాయంత్రానికి వేళ్ళు నొప్పిపుట్టేవి. అంతకు మించి కష్టమేమీ లేదు.